ఎండకూ బరువుకూ నిలిచే టైరు: నా అనుభవ పాఠాలు

విద్యుత్ శాఖలో ఉద్యోగం చేసినంత కాలం ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నేను తిరగని మండలం లేదనే చెప్పాలి. దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్, వనపర్తి, మిర్యాలగూడ, ఎక్కడ ట్రాన్స్‌ఫార్మర్ కాలినా బుల్లెట్ మీదే పోయేవాణ్ణి. పదవీ విరమణ తర్వాత 650 సీసీ ఇంటర్‌సెప్టర్ కొని, మా ఇంటామెను వెనక కూర్చోబెట్టుకుని, ఉద్యోగంలో ఉండగా చూడలేకపోయిన ఊళ్లన్నీ చూసి వచ్చాను. ఇప్పుడు మన పిల్లలు కూడా పెద్ద బండ్లు కొంటున్నారు. సంతోషం. ఇంజను గురించి, సైలెన్సర్ చప్పుడు గురించి గంటలు గంటలు మాట్లాడతారు. టైరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే ప్రశ్న: "ఏది ఎక్కువ కిలోమీటర్లు వస్తది?"

ఆ ప్రశ్నకు ఒక కంపెనీ పేరు చెప్పి పంపించడం తేలిక. కానీ అది జవాబు కాదు. బండి, ఇద్దరు మనుషులు, సామాను, ఇంత బరువూ రోడ్డును తాకేది ముందు అరచేయంత, వెనక అరచేయంత జాగాలోనే. చివరి కిలోమీటరు దాకా ఆ జాగా పట్టు వదలకపోతేనే టైరు మన్నింది అనాలి. ఈ మాట నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. చెప్పినా విని ఉండేవాణ్ణో లేదో. మీరు వింటారన్న నమ్మకంతో రాస్తున్నాను.

1. బరువు లెక్క తెలియనివాడు టైరు ఎంచుకోలేడు.

ఇంటర్‌సెప్టర్ మనిషి ఎక్కకముందే రెండు క్వింటాళ్లు దాటుతుంది. సూపర్ మీటియోర్ అయితే 241 కిలోలు. దాని మీద ఇద్దరు ఎక్కి, రెండు పక్కలా సంచులు వేలాడదీసి, వెనక ఒక పెట్టె కడితే మొత్తం నాలుగు క్వింటాళ్లకు దగ్గర పడుతుంది. అందులో సగానికి పైగా వెనక టైరే మోస్తుంది. టైరు పక్క భాగంలో సైజు అయిపోయాక ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. 57 అని ఉంటే ఆ టైరు 230 కిలోల దాకా మోస్తుంది. 63 అంటే 272 కిలోలు, 66 అంటే 300 కిలోలు. అక్షరం వేగానికి హద్దు: పి అంటే గంటకు 150 కిలోమీటర్లు, ఎస్ అంటే 180, హెచ్ అంటే 210. తక్కువ అంకె ఉన్న టైరు కూడా అదే రిమ్ముకు ఎక్కుతుంది, చూడ్డానికి అలాగే ఉంటుంది, ధర తగ్గుతుంది. బుల్లెట్ రోజుల్లో నేను ఆ అంకెను ఎన్నడూ చదవలేదు. సైజు సరిపోతే చాలనుకున్నాను. క్యారియర్ మీద వైరు చుట్టలు, పనిముట్ల పెట్టె, ఒక్కోసారి వాటితో పాటు లైన్‌మన్‌ను కూడా ఎక్కించుకుని పోయేవాణ్ణి. గీతలు ఇంకా లోతుగా ఉండగానే టైరు పక్కలు పగుళ్లిచ్చేవి. నాసిరకం సరుకు అంటగట్టారని దుకాణంవాళ్లను తిట్టుకునేవాణ్ణి. సరుకు మంచిదే, దాని మీద నేను పెట్టిన బరువే ఎక్కువ. బండితో వచ్చిన టైరు మీద ఏ అంకె ఉందో రాసిపెట్టుకో, బిడ్డా. కొత్తది అంతకంటే ఎక్కువ ఉండవచ్చు, తక్కువ మాత్రం ఉండకూడదు.

2. ముందు దారిని చూడు, తర్వాత టైరును చూడు.

మన దగ్గర దారులు నాలుగు తీర్లు. మొదటివి పెద్ద హైవేలు. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట మీదుగా కోదాడ పోయే 65వ నంబరు ఒకటి, షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట మీదుగా బీచుపల్లి దగ్గర కృష్ణ దాటే 44వ నంబరు ఇంకొకటి. వీటి మీద గంటల తరబడి బండి నిటారుగానే పోతుంది కాబట్టి టైరు నడిమి భాగమే అరుగుతుంది. రెండోవి నార్కట్‌పల్లి–అద్దంకి దారి లాంటివి. సిమెంటు లారీలు, వడ్ల లారీలు తిరిగి తిరిగి అంచుల్లో కంకర పొడి పేరుకుని ఉంటుంది. మూడోది మన్ననూరు దాటాక అడవిలో శ్రీశైలం పోయే దారి. అక్కడ మలుపు వెనక మలుపు, వానాకాలంలో తడి ఆకులు. నాలుగోవి ఊళ్లకు పోయే మొరం దారులు, సీసీ రోడ్లు. నీ కిలోమీటర్లలో ఎక్కువ పాలు ఏ దారి మీద పడుతుందో నిజాయితీగా లెక్క వేసుకో. పెద్ద పెద్ద దిమ్మెలున్న అడ్వెంచర్ టైర్లు బండికి ఠీవినిస్తాయి, నిజమే. కానీ తిరిగేదంతా తారు రోడ్డే అయితే ఆ దిమ్మెలు వేడెక్కి అంచులు తొందరగా కొట్టుకుపోతాయి, వానలో పట్టు కూడా తగ్గుతుంది. నూటికి ఎనభై పాళ్లు తారు మీదే తిరిగేవాడు రోడ్డు టైరే వేయించుకోవాలి. ఇంకొక మాట. యాసంగి కోతల వేళ రైతులు కల్లాలు చాలక రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పేరుస్తారు. వడ్ల గింజల మీద పట్టు నిలిచే టైరు లోకంలో ఇంకా తయారు కాలేదు. అక్కడ బండి నెమ్మది చేయడం ఒక్కటే మార్గం.

3. మెత్తని రబ్బరు పట్టుకుంటుంది, గట్టి రబ్బరు మన్నుతుంది.

టైరు కంపెనీలన్నీ ఈ రెంటి మధ్య నడిచేవే. రబ్బరు మెత్తగా ఉంటే రోడ్డును అంటిపెట్టుకుంటుంది కానీ తొందరగా అరుగుతుంది. గట్టిగా ఉంటే ఎక్కువ దూరం వస్తుంది, తడి రోడ్డు మీద మాత్రం జారుతుంది. అందుకే మంచి టూరింగ్ టైర్లలో నడుమ గట్టి రబ్బరు, ఇరుపక్కలా మెత్తని రబ్బరు వేసి చేసేవి వచ్చాయి. హైవే మీద నిటారుగా పోయేటప్పుడు నడిమి భాగం మన్నుతుంది, ఘాట్ మలుపులో ఒరిగినప్పుడు పక్క భాగం పట్టుకుంటుంది. బరువైన బండితో దూరాలు పోయేవాడికి ఈ రకం నప్పుతుంది. లోపలి అల్లికలోనూ తేడా ఉంది. కార్ల కోసం 1946లో మిషెలిన్ కంపెనీ పేటెంట్ చేసిన రేడియల్ పద్ధతి 1980లలో మోటారు సైకిళ్లకు వచ్చింది. రేడియల్ టైరు వేగంలో తక్కువ వేడెక్కుతుంది. పాత పద్ధతి నైలాన్ టైరుకు పక్క భాగం గట్టిగా ఉంటుంది, గుంతలు, బరువు బాగా తట్టుకుంటుంది, ధర తక్కువ. మా మేనల్లుడు అమెరికాలో హోండా గోల్డ్‌వింగ్ నడుపుతాడు. అక్కడ అంత బరువు బండ్ల కోసమే మిషెలిన్ కమాండర్, డన్‌లప్ ఎలీట్, మెట్జెలర్ మారథాన్ లాంటివి మన్నిక మీదే దృష్టి పెట్టి చేస్తారు. మన బండ్ల రిమ్ములకు ఆ సైజులు అన్నీ కుదరవు. అక్కడ కొందరు ఇంకా ఎక్కువ కిలోమీటర్ల కోసం వెనక చక్రానికి కారు టైరు వేసుకుంటారట. బండి కంపెనీలు, టైరు కంపెనీలు రెండూ వద్దంటున్న పని అది. కారు టైరు చదునుగా ఉంటుంది, మోటారు సైకిల్ ఒరగాలి. కిలోమీటర్ల ఆశ మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో చూడు.

4. రిమ్ముకు మించిన వెడల్పు టైరుకు శత్రువు.

పాత బుల్లెట్‌కు ముందూ వెనకా 3.25-19 టైర్లే. సన్నగా కనిపించేవి. ఒకసారి వెనక లావు టైరు వేయిస్తే బండికి అందం, రోడ్డుకు పట్టు రెండూ వస్తాయని నలుగురు చెప్పగా వేయించాను. అన్న అంగీ తమ్ముడికి తొడిగినట్టే అయింది. సన్నని రిమ్ములో లావు టైరును ఇరికిస్తే రెండు అంచులూ లోపలికి లాగుకుని నడుమ ఉబ్బుతుంది. ఎక్కువ రబ్బరు రోడ్డును తాకుతుందని నేననుకుంటే, నడుమ సన్నని పట్టీ మాత్రమే తాకింది, అదే అరిగింది. మలుపులో బండి మొదట ఒరగనని మొరాయించేది, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతున్నట్టు ఒరిగేది. చైను కవరుకు టైరు రాసుకున్న గుర్తులు కూడా పడ్డాయి. అంత ఖర్చు పెట్టి వేయించిన టైరును తీసేయడానికి మనసొప్పక, అరిగేదాకా అలాగే నడిపాను. ఆ మొండితనమే నన్ను ఎక్కువ బాధిస్తుంది. బండి తయారుచేసినవాళ్లు రిమ్ము వెడల్పు, స్వింగార్మ్ జాగా, బండి బరువు అన్నీ చూసుకుని సైజు రాస్తారు. ఆ సైజునే వేయించు. మార్చక తప్పకపోతే ఆ రిమ్ము వెడల్పుకు ఏ సైజు కుదురుతుందో టైరు కంపెనీ పట్టికలో చూసుకో. దుకాణంలో ఎవరో చెప్పిన మాట మీద పోవద్దు.

5. టైరు పుట్టిన తేదీ చదవకుండా డబ్బులు చెల్లించకు.

2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం టైర్ల దిగుమతి మీద ఆంక్షలు పెట్టింది. విదేశీ టైర్లు దొరకడం గగనమైంది. సరిగ్గా అప్పుడే నా బండికి వెనక టైరు కావలసి వచ్చింది. హైదరాబాద్‌లో ఒక దుకాణంలో పేరున్న విదేశీ టైరు ఒకటే మిగిలిందంటే పరుగున పోయి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని తిప్పి చూస్తే, పక్కన చిన్న గుండ్రని చట్రంలో నాలుగంకెలు ఉన్నాయి. ఆ నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. నా టైరు ఎన్నో ఏండ్లు గోదాములో మగ్గింది. బిగించిన మరుసటి ఎండాకాలానికే గీతల అడుగున వెంట్రుకవాసి పగుళ్లు కనిపించాయి. రబ్బరుకు నడవడం ఒక్కటే అరుగుదల కాదు. ఎండ, గాలిలోని ఓజోన్, వేడి దాన్ని నిలబెట్టిన చోటే ముసలిదాన్ని చేస్తాయి. అందుకని ఏడాది లోపు తయారైన టైరే తీసుకో. దుకాణం ముందు ఎండలో వేలాడదీసిన టైరు వద్దు. మన దేశంలో అమ్మే టైర్లకు భారతీయ ప్రమాణాల ముద్ర ఉండాలని 2009లోనే ఉత్తర్వు వచ్చింది. రెండు, మూడు చక్రాల బండ్ల టైర్ల ప్రమాణం ఐఎస్ 15627. ఆ ముద్ర కూడా చూసుకో. తక్కువ తిరిగే బండి అయినా అయిదారేళ్లు దాటిన టైరును గీతలున్నాయి కదా అని నమ్మవద్దు.

6. టైరు ఆయుష్షు సగం గాలిలోనే ఉంది.

దీన్ని నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. మన నల్లగొండ ఎండ 44 డిగ్రీలు దాటే రోజుల్లో తారు అంతకంటే ఎంతో ఎక్కువ కాలుతుంది. చిట్యాల దగ్గర మధ్యాహ్నం ఆగి గాలి చూపిస్తే, పొద్దున పెట్టిన దానికంటే నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ చూపించేది. టైరు పేలుతుందని భయపడి తీయించేవాణ్ణి. ఎన్నో ఎండాకాలాలు అలాగే చేశాను. టైరు లోపలి వేడి పది డిగ్రీలు పెరిగితే గాలి ఒత్తిడి దాదాపు ఒకటిన్నర పీఎస్ఐ పెరగడం సహజం. కంపెనీ చెప్పిన అంకె చల్లని టైరుకు చెప్పినది, ఆ పెరుగుదల వాళ్ల లెక్కలో ఉన్నదే. నేను వేడిలో గాలి తీయించడం వల్ల సాయంత్రం చల్లబడేసరికి టైరులో గాలి తక్కువయ్యేది. గాలి తక్కువైన టైరు బరువు కింద ఎక్కువ నలుగుతుంది, నలిగిన కొద్దీ వేడెక్కుతుంది, ఆ వేడికి రబ్బరు, లోపలి అల్లిక రెండూ దెబ్బతింటాయి. పేలుతుందన్న భయంతో చేసిన పనే టైరును పేలిపోయే దారిలో పెట్టింది. గాలి ఎక్కువైతే నడిమి భాగం అరిగి, గుంత పడినప్పుడల్లా నడుము విరుగుతుంది. కాబట్టి సొంత గేజి ఒకటి కొనుక్కో. బండి కదపకముందు, పొద్దున్నే ఇంటి ముందే చూసుకో. ఒక్కడివే పోయేటప్పుడు ఒక అంకె, వెనక మనిషీ సామానూ ఉన్నప్పుడు ఇంకొక అంకె బండి పుస్తకంలో ఉంటాయి. ఏ బండి వచ్చినా ముందు ఇరవై అయిదు, వెనక ముప్పై అయిదు అని అలవాటుగా కొట్టే దుకాణాలు ఉన్నాయి. నీ బండి అంకె నువ్వే చెప్పు. నైట్రోజన్ పట్టిస్తే టైరు మన్నుతుందని కొందరంటారు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే. గాలి ఏదైనా వారం వారం చూసుకుంటేనే ఫలితం.

7. ముల్లు ఎక్కడ గుచ్చుకుంటుందో ముందే ఆలోచించుకో.

మన ప్రాంతంలో సర్కారు తుమ్మ లేని ఊరు లేదు. కంప కొట్టి ట్రాక్టర్‌లో తీసుకుపోతుంటే దారి పొడుగునా ముళ్లు రాలతాయి. స్పోకుల చక్రంలో ట్యూబ్ ఉంటుంది. ముల్లు దిగితే గాలి ఒక్కసారిగా పోయే ప్రమాదం ఎక్కువ. వెనక మనిషి కూర్చుని ఉండగా హైవే వేగంలో అలా జరిగితే బండి వెనక భాగం పాములా ఊగుతుంది. అప్పుడు బ్రేకు తొక్కకుండా, హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ మెల్లగా వదలాలి. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగినా గాలి మెల్లగా దిగుతుంది, పక్కకు ఆపుకునే వ్యవధి దొరుకుతుంది. ఇంటర్‌సెప్టర్‌లో కొన్ని రంగులకు 2023 నుంచి అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు వచ్చాయి. దూరాలు తిరిగేవాడు కొనేటప్పుడే అవి తీసుకోవడం మేలు. నాది స్పోకుల బండి. అటువంటి బండికి కొత్త టైరు వేసిన ప్రతిసారీ కొత్త ట్యూబ్, కొత్త రిమ్ టేపు వేయించాలి. పాత ట్యూబ్ సాగి ఉంటుంది, కొత్త టైరులో మడత పడి ఆ మడత దగ్గరే చిరుగుతుంది. ట్యూబ్‌కు మిగుల్చుకున్న డబ్బు పంక్చర్ రూపంలో పోతుంది. ట్యూబ్‌లెస్ టైరుకు రోడ్డు పక్కన వేసే రబ్బరు పట్టీ ఊరు చేరడానికే. టైరు పక్క భాగంలో పడిన రంధ్రానికి మరమ్మతు లేదు, మార్చాల్సిందే. శ్రీశైలం దారిలో మన్ననూరు గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుంది. ఆ అడవిలో పంక్చర్ దుకాణం వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోవద్దు. చిన్న పంపు, పంక్చర్ సామాను బండిలోనే ఉండాలి.

8. ఎక్కువ అరిగేది వెనక టైరు, ప్రాణం నిలిపేది ముందు టైరు.

ఇంజను బలం, బరువు రెండూ వెనక టైరు మీదే పడతాయి కాబట్టి అది తొందరగా అరుగుతుంది. ముందుది దానికంటే ఎక్కువ కాలం వస్తుంది. అందుకే ముందు టైరును అందరూ మరిచిపోతారు. కానీ గట్టిగా ఆపాల్సి వచ్చినప్పుడు బండి బరువంతా ముందుకు వాలుతుంది, ఆపేది ప్రధానంగా ముందు టైరే. వెనక టైరు జారితే బండిని నిలదొక్కుకునే అవకాశం కొంతైనా ఉంటుంది. ముందుది జారితే నేల మీద పడ్డాకే తెలుస్తుంది. ముందు టైరు ఎలా ఉందో కంటితో చూస్తే సరిపోదు. బండి స్టాండు మీద పెట్టి, చక్రం చల్లగా ఉన్నప్పుడు అరచేయి టైరు మీద ఆనించి ఒక దిక్కుగా మెల్లగా నిమురు. తర్వాత ఎదురు దిక్కుగా నిమురు. ఒకవైపు నున్నగా తగిలి, ఇంకొకవైపు ప్రతి గీత అంచూ చేతికి గుచ్చుకుంటే టైరు ఎగుడుదిగుడుగా అరుగుతున్నట్టు. గాలి తక్కువైనా, ముందు ఫోర్కులు అలిసిపోయినా అలా అవుతుంది. ఆ కారణం సరిచేయకుండా కొత్త టైరు వేస్తే అదీ అలాగే పాడవుతుంది. ముందూ వెనకా ఒకే కంపెనీ జత వేయించడం మంచిది. బండి కంపెనీ ఒప్పుకుంటే తప్ప ఒకవైపు రేడియల్, ఇంకొకవైపు నైలాన్ కలపకూడదు.

9. మంచి టైరును చెడ్డ చేయి పాడు చేస్తుంది.

టైరు ఎంత మంచిదైనా దాన్ని ఎక్కించే చేతిలో, తర్వాత నడిపే చేతిలో దాని బతుకు ఉంటుంది. ఎక్కించేటప్పుడు పక్కనే నిలబడు. టైరు మీద తిరిగే దిక్కు చూపే బాణం గుర్తు ఉంటుంది, అది తప్పకూడదు. చిన్న రంగు చుక్క ఉంటే చాలా కంపెనీల్లో అది తేలిక భాగానికి గుర్తు, వాల్వు దగ్గరికి రావాలి. అంచులకు సబ్బునీళ్లు పూసి ఎక్కించాలి గానీ, పొడిగా ఇనుప పట్టీలతో బలవంతాన తోస్తే అంచు చిరుగుతుంది. గాలి కొట్టాక రిమ్ము చుట్టూ టైరు మీది సన్నని గీత అన్ని వైపులా ఒకే దూరంలో కనిపించాలి. బరువు బండికి చక్రం బ్యాలెన్స్ చేయించడం దండగ ఖర్చు కాదు. చైను బిగించినప్పుడు ఇరువైపులా గుర్తులు సమంగా లేకపోతే వెనక చక్రం వంకరగా తిరిగి ఒక పక్కే అరుగుతుంది. వెనక మనిషిని ఎక్కించుకున్నప్పుడు షాక్ అబ్జార్బర్ స్ప్రింగు ఒక మెట్టు గట్టిచేయాలి. కొత్త టైరు మీద తయారీ నాటి నునుపు ఉంటుంది కనుక తొలి 150 కిలోమీటర్లు నెమ్మదిగా, మెల్లమెల్లగా ఒరుగుతూ నడపాలి. మెరుపు కోసం నూనె పాలిష్ పూయవద్దు, రోడ్డును తాకే భాగానికి అసలే వద్దు. సిగ్నల్ దగ్గర ఎగిరినట్టు బయలుదేరేవాడికీ, ప్రతి మలుపులో ఆఖరి క్షణాన బ్రేకు కొట్టేవాడికీ ఏ కంపెనీ టైరూ మన్నదు.

10. మార్చాల్సిన రోజు టైరే చెబుతుంది, వినే మనసు ఉండాలి.

గీతల అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. పక్క భాగంలో టీడబ్ల్యూఐ అనో, చిన్న త్రిభుజమో చూసి ఆ వరుసలో వెతికితే కనిపిస్తాయి. టైరు అరిగి ఆ గట్టుతో సమమైతే దాని పని అయిపోయింది. మన దేశ నిబంధనల ప్రకారం ద్విచక్ర వాహనం టైరు గీత 0.8 మిల్లీమీటర్ల కంటే లోతు తగ్గకూడదు. అది చట్టం పెట్టిన అడుగు హద్దు మాత్రమే. గీతలు ఉన్నది నీళ్లను పక్కకు నెట్టడానికి, లోతు లేకపోతే నీటి మీద టైరు తేలుతుంది. పైగా హైవే మీద తిరిగిన టైరు నడుమ చదునైపోయి, ఒరిగేటప్పుడు ఆ అంచు మీద ఎక్కి దిగుతుంది. నాకు ఇవన్నీ తెలుసు. అయినా ఒక తొలకరికి ముందు మెకానిక్ "సార్, ఇంకో రెండు వేలు నడుస్తది" అంటే, నేను వినాలనుకున్నదీ అదే కాబట్టి విన్నాను. శ్రీశైలం నుంచి తిరిగి వస్తూ, దోమలపెంట దాటాక ఒక మలుపులో తొలి వాన పడిన రోడ్డు మీద వెనక చక్రం పక్కకు పోయింది. పెద్ద వేగం లేదు. నాకు మోకాలు గీసుకుపోయింది, మా ఇంటామెకు మణికట్టు విరిగింది. నన్ను నమ్మి వెనక కూర్చున్న మనిషి చేయి విరగడం నా పొదుపు వల్ల జరిగింది. ఇందులో రోడ్డుదీ వానదీ తప్పు లేదు. ఆ తర్వాత నేను పెట్టుకున్న నియమం ఒకటే. వెనక టైరు గీత రెండు మిల్లీమీటర్లకు చేరితే ఆ వానాకాలంలోకి దాన్ని తీసుకుపోను.

11. కిలోమీటరు ఖర్చు లెక్క కట్టు, అక్కడితో ఆగకు.

ధర చూసి భయపడేవాళ్ల కోసం ఒక లెక్క చెబుతాను. నాలుగు వేల రూపాయల టైరు 20,000 కిలోమీటర్లు వచ్చిందనుకుందాం. కిలోమీటరుకు 20 పైసలు. తొమ్మిది వేల టైరు 15,000 కిలోమీటర్లే వచ్చిందనుకో, కిలోమీటరుకు 60 పైసలు. తేడా 40 పైసలు. వెయ్యి కిలోమీటర్ల యాత్రకు నాలుగు వందల రూపాయలు. ఆ ఖర్చు నీ బండికి, నీ దారికి అవసరమా కాదా అన్నది పై పాఠాలు చూసి నువ్వే తేల్చుకో. ఊళ్ల మధ్య మెల్లగా తిరిగే 350 సీసీ బండికి ఆ తొమ్మిది వేల టైరు అక్కర్లేదు. మన దగ్గర దొరికే ఎంఆర్ఎఫ్, సియట్, టీవీఎస్ యూరోగ్రిప్ లాంటివాటిలో సరైన సైజు, సరైన అంకె ఉన్నది సరిపోతుంది. భార్యనో, తల్లినో, స్నేహితుణ్ణో ఎక్కించుకుని వానలో ఘాట్లు ఎక్కే 650 సీసీ బండికి ఆ నాలుగు వందలు ఎక్కువ కాదు. టైరు వేయించిన రోజే తేదీ, మీటరు అంకె, తయారైన వారం ఒక చిన్న పుస్తకంలో రాసిపెట్టు. నెల నెలా లోతు కొలిచి దాని పక్కనే రాయి. రెండు టైర్లు మార్చేసరికి నీ బరువుకు, నీ నడకకు, నీ దారులకు ఏ టైరు మన్నుతుందో ఇంకొకరిని అడగాల్సిన పని ఉండదు. నేను ఆ పుస్తకం మొదలుపెట్టింది మణికట్టు విరిగిన తర్వాత. నువ్వు ఈ తొలకరికి ముందే మొదలుపెట్టు.